తెలిసిన మాటలే తికమక పెట్టినప్పుడు: హనుమకొండ నుంచి ఒక కేస్ స్టడీ

లండన్ క్లయింటుతో వారం వారం జరిగే సమావేశానికి మినిట్స్, అంటే చర్చల, నిర్ణయాల నమోదు, రాసే పని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిది. ఒక వారం ఆ మినిట్స్‌లో 'సర్వీసును ఆఫ్‌లైన్ చేయాలని నిర్ణయం' అనే వాక్యం వెళ్లింది. అలాంటి నిర్ణయం ఎవరూ తీసుకోలేదు. ఇద్దరు ఇంజినీర్లు ఒక చిన్న విషయం మీద వాదించుకుంటూ ఉంటే అవతలి మేనేజరు 'లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్' అన్నాడు. అందరి సమయం ఎందుకు, తర్వాత మీరిద్దరూ విడిగా మాట్లాడుకోండి అని దాని భావం. సర్వర్లు చూసే ఉద్యోగి "ఎన్ని గంటలకు ఆపాలి?" అని మెయిల్ పెట్టడంతో పొరపాటు బయటపడింది. ఏదీ ఆగలేదు, నష్టమేమీ జరగలేదు. కానీ టీమ్ లీడరు ఆమెను అందరి ముందూ "నీకు ఇంగ్లీషు రాదా?" అని అడిగాడు. ఆ తర్వాతే ఆమె నా దగ్గరికి వచ్చింది.

హనుమకొండలో ఉద్యోగులకు, ఉద్యోగాలు వెతుక్కునేవారికి నేను ఇంగ్లీషు నేర్పుతాను. 2020లో మడికొండలో ఐటీ కార్యాలయాలు తెరిచాక, ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీలకు పనిచేయడం మామూలైపోయాక, నా తరగతికి వచ్చేవారి అవసరాలు మారాయి. ఒకప్పుడు ఇంటర్వ్యూ గట్టెక్కితే చాలనేవారు. ఇప్పుడు ఉద్యోగంలో చేరాక వస్తున్నారు. ఈ కేసును ఆమె అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

ఇంగ్లీషు వచ్చిన మనిషే

ఆమెది పరకాల వైపు ఒక ఊరు. తండ్రికి పత్తి, మిరప సేద్యం. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, హనుమకొండలో ఇంటర్మీడియట్, తర్వాత ఇంజినీరింగు. వ్యాకరణంలో నేను వేలు పెట్టి చూపగలిగిన లోపాలు తక్కువ. ఆమె రాసే మెయిళ్లు శుభ్రంగా ఉంటాయి. బ్యాంకు పరీక్షలకు చదివిన రోజుల్లో జాతీయాల (ఇడియమ్స్) పట్టికలు మొత్తం బట్టీ పట్టింది. నేను 'వైట్ ఎలిఫెంట్' అంటే ఖర్చెక్కువ, పనికిరానిది అంది. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం అంది. 'ఎట్ ద ఎలెవెన్త్ అవర్' అంటే ఆఖరి క్షణంలో అంది. తడుముకోలేదు.

అందుకే రెండో పరీక్ష పెట్టాను. పేర్లు, లెక్కలు తీసేసిన ఒక సమావేశం రికార్డింగును ముక్కలు ముక్కలుగా వినిపించి, ప్రతి ముక్క తర్వాత ఆపి "ఇప్పుడు ఆయన ఏమన్నాడో తెలుగులో చెప్పమ్మా" అన్నాను. ఇంగ్లీషులో చెప్పమంటే విన్నదే తిరిగి అప్పజెబుతారు, లోపల ఏమి అర్థమైందో మనకు తెలియదు. తెలుగులో చెప్పమన్నప్పుడే తప్పించుకోవడానికి వీలుండదు.

ఫలితం నేను ఊహించిన చోట లేదు. ఏనుగులు, బకెట్లు ఆ రికార్డింగులో ఒక్కసారి కూడా రాలేదు. ఆమెను పడగొట్టినవన్నీ ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన మాటలు. 'ఐ యామ్ గుడ్', 'ఫెయిర్ ఇనఫ్', 'టెల్ మి అబౌట్ ఇట్', 'ఐ విల్ లెట్ యు గో', 'ఐ యామ్ అఫ్రెయిడ్'. వాటిలో ఒక్క కొత్త పదం లేదు.

వాటి వల్ల జరిగినవి ఆమే చెప్పుకొచ్చింది. ఒకసారి సర్వర్ నెమ్మదిగా ఉందని వాపోతే అవతలి ఇంజినీరు 'టెల్ మి అబౌట్ ఇట్' అన్నాడట. వివరంగా చెప్పమంటున్నాడనుకుని ఈమె మొదటి నుంచి చివరి దాకా సమస్య వివరించింది. అతను అన్నది "నాకు తెలియదా, నేనూ పడుతున్నదే కదా ఆ బాధ" అని. అలా అన్న మనిషి వివరణ కోరడు, పక్కన నిలబడతాడు. మరోసారి ఈమె "నివేదిక కూడా పంపమంటారా?" అని అడిగితే 'ఐ యామ్ గుడ్, థ్యాంక్స్' అని జవాబు వచ్చింది. క్షేమంగా ఉన్నానంటున్నాడు, సంతోషంగా ఉన్నాడు, పంపితే ఇంకా సంతోషిస్తాడనుకుని పంపేసింది. ఆ సందర్భంలో దాని అర్థం "వద్దు, ఇది చాలు". మన ఇళ్లలో విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అనడానికి దగ్గరి మాట.

'ఐ యామ్ అఫ్రెయిడ్ వి కాంట్' అన్న చోట "క్లయింటు భయపడుతున్నారు" అని మినిట్స్‌లో రాసింది. అక్కడ భయం లేదు. కుదరదని చెప్పే ముందు మర్యాదకు వేసే మాట అది, మనం "ఏమనుకోకండి" అన్నట్టు. 'ఐ విల్ లెట్ యు గో' ఇంకా చిత్రమైనది. ఫోను పెట్టేయాలని ఉన్నవాడు, తన తొందరను మన తొందరగా మార్చి, "మీకు పనులుంటాయి, మరి ఉంటాను" అంటున్నాడు. అదే 'లెట్ గో' మేనేజర్ల మధ్య 'వి హాడ్ టు లెట్ హిమ్ గో' అని వినిపిస్తే ఒక మనిషి ఉద్యోగం పోయిందని అర్థం. ఈమెకు ఈ రెండోది ఎక్కడో చదివి తెలుసు. అందుకే మొదటిది విన్న రోజున రాత్రంతా నిద్రపోలేదు.

అవునా, కాదా

జాబితాలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు జాతీయమే కాదు. 'హావెంట్ యు రిసీవ్డ్ ద ఫైల్?' అని అడిగితే ఈమె 'యెస్' అంది. ఫైలు అందలేదు. అవతలివాళ్లు అందిందనుకున్నారు. పని పూట మొత్తం ఆగింది, ఇరువైపులా అవతలివాళ్లదే తప్పనుకున్నారు.

తెలుగులో "ఫైలు అందలేదా?" అంటే "అవునండీ, అందలేదు" అంటాం. అడిగినవారి మాట నిజమా కాదా అన్నదానికి మన 'అవును' జవాబు. ఇంగ్లీషు 'యెస్' అడిగిన మాటను పట్టించుకోదు, జరిగినదాన్నే చూస్తుంది. అందితే 'యెస్', అందకపోతే 'నో', ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే. 'డు యు మైండ్ ఇఫ్ ఐ రికార్డ్ దిస్?' అన్నప్పుడు కూడా ఇదే గొడవ. "మీకేమైనా అభ్యంతరమా?" అని ప్రశ్న, ఈమె "రికార్డు చేసుకోవచ్చా?" అని విని 'యెస్' అనేది. ఒకరిద్దరు రికార్డింగు ఆపేశారు కూడా. మన దగ్గర ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు మాట్లాడుతున్నవారు సైతం ఇక్కడ జారిపడటం చూశాను. సూత్రం వివరిస్తే అందరికీ అర్థమవుతుంది, ఫోనులో మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అందుకని ఈమెకు ఒకే అలవాటు చేయించాను: ఒంటి 'యెస్', ఒంటి 'నో' నిషేధం. "ఫైలు ఇంకా రాలేదు", "రికార్డు చేసుకోండి" అని పూర్తి వాక్యమే చెప్పాలి. అలా చేస్తే 'యెస్' తప్పు పడినా వెనకున్న వాక్యం కాపాడుతుంది.

రోగం ఎక్కడుంది

తెలియని పదం వస్తే మనం ఆగుతాం. ఆగి అడుగుతాం, లేదా నిఘంటువు చూస్తాం. తెలిసిన పదాలే కలిసి వేరే పని చేస్తున్నప్పుడు ఆగము, ఎందుకంటే అర్థమైందనే అనుకుంటాం. 'బకెట్‌ను తన్నాడు' అని వింటే ఎవరికైనా అనుమానం వస్తుంది. 'ఆఫ్‌లైన్ చేద్దాం' అన్నది ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అనుమానం ఎందుకు తెప్పిస్తుంది? అది ఆమె వృత్తిలో రోజూ వాడే మాట. కాబట్టి ఈ కేసులో లోపం పదసంపదలో లేదు, అనుమానం రావలసిన చోట రాకపోవడంలో ఉంది.

పరీక్షల పుస్తకాలు ఈ అనుమానాన్ని పెంచవు సరికదా చంపేస్తాయి. చౌరస్తా దుకాణాల్లో దొరికే ఏ పుస్తకం తెరిచినా జాతీయం ఒక వైపు, అర్థం మరో వైపు. ఎవరు ఎవరితో అంటారు, కోపంగానా నవ్వుతూనా, ఇప్పటికీ అంటారా అనే ఊసు ఉండదు. పైగా రంగురంగులవే ఎక్కువ. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' లేని పుస్తకం నేను చూడలేదు, కానీ వర్షం వచ్చినప్పుడు అలా అన్న క్లయింటును నా విద్యార్థుల్లో ఎవరూ ఇంతవరకు కలవలేదు.

రేమండ్ గిబ్స్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన పరిశోధకుడు 1980లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలిన సంగతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. వాడుకలో స్థిరపడిన జాతీయాన్ని ఆ భాష పుట్టుకతో వచ్చినవారు జాతీయంగానే వేగంగా గ్రహిస్తారు. అదే మాటను అక్షరార్థంలో వాడితే వాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది. ఈమెది సరిగ్గా తలకిందులు. ఆమెకు ముందు అక్షరార్థం వస్తుంది, అది సరిపడకపోతే రెండోది వెతుకుతుంది. సరిపడితే? వెతకదు. ఆ 'సరిపడితే' దగ్గరే మినిట్స్ తప్పాయి.

తెలుగు నుంచే మొదలు

చికిత్స ఇంగ్లీషుతో మొదలుపెట్టలేదు. "దొంగ కాళ్లకు బుద్ధి చెప్పాడు అన్న మాట తెలుగు నేర్చుకుంటున్న ఒక విదేశీయుడికి వివరించు" అన్నాను. నవ్వింది, తర్వాత ఇబ్బంది పడింది. కాళ్లు తెలుసు, బుద్ధి తెలుసు, చెప్పడం తెలుసు. పారిపోవడం ఎక్కడి నుంచి వచ్చింది? 'నీళ్లు నమిలాడు' ఇచ్చాను, 'చేతులెత్తేశాడు' ఇచ్చాను. నీళ్లు నమిలాడు అంటాం గాని మంచినీళ్లు నమిలాడు అనం. ఎవరో మనకు నేర్పలేదు, కానీ మారిస్తే వెంటనే చెవికి తగులుతుంది. ఇంగ్లీషులోనూ అంతే. 'స్పిల్ ద బీన్స్' అంటే గుట్టు బయటపెట్టడం. గింజలు ఒలికాయి అని తిప్పి చెప్పినా జాతీయం బతుకుతుంది. 'కిక్ ద బకెట్'ను అలా తిప్పితే మిగిలేది నిజం బకెట్టే. ఏది ఎంతవరకు వంగుతుందో పట్టికలో ఉండదు, వినికిడిలో ఉంటుంది.

"ఇవన్నీ నీకెలా వచ్చాయి?" అని అడిగాను. "ఎవరో ఎవరినో అంటుంటే విన్నాను మేడమ్" అంది. ఇంగ్లీషుకు కూడా అదే దారి అని చెప్పి నోటుబుక్కు ఇచ్చాను. అందులో అర్థం రాయడం చివరి పని. ముందు ఎవరు అన్నారు, ఎవరితో, ఏ పని మధ్యలో, అన్న వెంటనే ఏమి జరిగింది అనేవి రాయాలి. నాలుగోదే ప్రాణం. 'ఫెయిర్ ఇనఫ్' అన్నాక అతను వాదన ఆపి తర్వాతి అంశానికి వెళ్లాడు అని ఆమె రాసుకుంది. ఆ ఒక్క వరుసతో అర్థం తనంతట తానే తేలింది: "సరే, నీ మాటలోనూ న్యాయముంది, ఇక పొడిగించను." మెచ్చుకోలు కాదు, ఓటమీ కాదు.

మాటలు ఏ బతుకు నుంచి పుట్టాయో గుంపులుగా చూడటం కూడా చేశాం. ఇది ఆమెకు బాగా నచ్చిన భాగం, నాకూ నచ్చిన భాగమే కాబట్టి కొంచెం ఎక్కువ సమయం తీసుకున్నాం. మన ప్రాంతం చెరువుల ప్రాంతం. పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ కాకతీయుల కాలం నాటివి. చెరువు కట్ట తెగితే ఊరికి ఏమవుతుందో తరతరాలుగా తెలిసిన జనం మాటల్లో ఆదాయానికి గండి పడుతుంది, కోపం కట్టలు తెంచుకుంటుంది, పథకం నీరుగారిపోతుంది. ఇంగ్లండుకు అలాగే సముద్రం. 'ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్' అంటే ఓడ మీదున్న ప్రతి ఒక్కరూ పైకి రావాలనే కేక. ఆఫీసులో అందరూ చెయ్యి వేయాల్సిన అత్యవసర పని. 'ప్లెయిన్ సెయిలింగ్' అంటే అడ్డంకులు లేకుండా సాగే పని.

అమెరికా మాటల్లో బేస్‌బాల్ దండిగా ఉంది. వరంగల్‌లో ఆ ఆట ఆడేవారు నాకు కనిపించరు, అందుకే అవి ఊహకు అందవు. 'బాల్‌పార్క్ ఫిగర్' అడిగితే ఉజ్జాయింపు లెక్క చెప్పమని. ఆమె తండ్రి ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లే ముందు "అటూ ఇటుగా ఎంత వస్తుంది?" అని అడిగే ప్రశ్న అదే. ఆమె మాత్రం దశాంశాలతో సహా లెక్క తేల్చి రెండు రోజుల తర్వాత పంపేది. అవతలివారికి కావలసింది ఆ క్షణంలో ఒక అందాజా అంకె. 'టచ్ బేస్' అంటే ఒకసారి మాట్లాడుకుందాం అని, పెద్ద సమావేశమేమీ కాదు. 'కర్వ్‌బాల్' అనుకోని చిక్కు. 'రెయిన్ చెక్' వాన వల్ల ఆట ఆగిపోతే మరో రోజు చూడటానికి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇచ్చిన చీటీ. ఇప్పుడు "ఈసారికి వద్దు, మరోసారి వస్తాను" అనే మర్యాదైన మాట. 'ప్లేట్' దగ్గర జాగ్రత్త చెప్పాను. 'ఎ లాట్ ఆన్ మై ప్లేట్' అన్నది భోజనం పళ్లెం, చేతినిండా పని ఉందని. 'స్టెప్ అప్ టు ద ప్లేట్' అన్నది బేస్‌బాల్‌లో బ్యాటరు నిలబడే చోటు, బాధ్యత తీసుకోవడం. రెండూ ఒకే సమావేశంలో రావచ్చు.

క్రికెట్ దగ్గర సులువుగా ఉంటుందనుకుంటాం. 'స్టికీ వికెట్' వివరించక్కర్లేకుండానే ఊహించింది: వానకు తడిసి ఆరుతున్న పిచ్ మీద బ్యాటరు పడే పాట్లు, అంటే ఇరకాటం. కానీ 'నాక్డ్ మి ఫర్ సిక్స్' అని ఒక సహోద్యోగి రాస్తే అభినందనలు పంపబోయింది. సిక్సరు అంటే మనకు సంబరం. ఆ మాటలో మాట్లాడేవాడు బ్యాటు పట్టినవాడు కాదు, దెబ్బ తిన్నవాడు. ఏదో కబురు అతన్ని కుదిపేసింది. ఆట బాగా తెలిసినా ఎవరి వైపు నుంచి చూస్తున్నారో తెలియకపోతే తలకిందులవుతుంది. ఇది నాకు ఇష్టమైన ఉదాహరణ, ఇప్పుడు ప్రతి బ్యాచిలోనూ వాడుతున్నాను.

పుట్టుక కథలు చెప్పుకుంటే జాతీయాలు బాగా గుర్తుంటాయని బెల్జియం పరిశోధకుడు ఫ్రాంక్ బోయర్స్ తదితరుల పని చెబుతోంది. నా అనుభవమూ అదే. అయితే రెండు షరతులు. కథ సాయంత్రం తరగతికి, ఫోను కాల్ మధ్యలోకి కాదు. రెండోది, ఆ కథ నిజమై ఉండాలి. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులు, కుక్కలు వానకు జారి కింద పడేవి కాబట్టి 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అనే మాట వచ్చిందన్న కథ ఆమె ఫోనులోనూ ఉంది. 1999 ప్రాంతంలో ఈమెయిళ్లలో ఊరేగిన కట్టుకథల్లో అదొకటి. పదిహేడో శతాబ్దం నుంచే ఆ తరహా మాట రాతల్లో కనిపిస్తుంది, రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1738లో వాడాడు. ఎందుకు పుట్టిందో మాత్రం పండితులే తేల్చలేదు. తేలని చోట తేలలేదనే చెప్పడం మేలు.

అడగడం నేర్పడం

ఈ కేసులో అసలు కష్టం ఇక్కడ ఎదురైంది. మన తరగతి గదుల్లో "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్" అనడం ఒక మర్యాద. కాలేదంటే చెప్పినవారిని తక్కువ చేసినట్టు, తనను తాను తక్కువ చేసుకున్నట్టు. ఆ అలవాటు కంపెనీ దాకా వెళ్లింది. టీమ్ లీడరు మాట తర్వాత ఇంకా బిగుసుకుంది.

"మీరన్నది నాకు అర్థం కాలేదు" అనే వాక్యం ఆమె నోట రాదని మొదట్లోనే తెలిసిపోయింది. కాబట్టి దాన్ని వదిలేసి వేరే వాక్యం ఇచ్చాను. విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవడం: "అంటే ఇద్దరూ విడిగా మాట్లాడుకుని మనకు చెబుతారు, అలా రాసుకోనా?" మినిట్స్ రాసే మనిషికి ఇది హక్కు. అడిగినట్టు ఉండదు, పని చేసినట్టు ఉంటుంది. తప్పుగా విని ఉంటే అవతలివారే సరిదిద్దుతారు, ఎవరి పరువూ పోదు. దీన్ని నేను క్లయింటుగా, ఆమె తానుగా ఎన్నోసార్లు ఆడాం. కావాలని గబగబా మాట్లాడేదాన్ని, వాక్యం మధ్యలో నవ్వేదాన్ని. మొదట్లో ప్రతి వాక్యానికీ సరిచూసుకుని నన్ను విసిగించింది. తర్వాత ఎక్కడ అవసరమో పసిగట్టడం వచ్చింది: ఒక నిర్ణయం, ఒక తేదీ, ఒక 'వద్దు' వినిపించినప్పుడు.

వాడాలా వద్దా

నేర్చుకున్నవి వాడాలని ఆమెకు తొందర. క్లయింటుకు రాసిన మెయిల్లో ఒకే పేరాలో పదకొండో గంట, తెల్ల ఏనుగు, ఒక దెబ్బకు రెండు పిట్టలు కనిపించాయి. తప్పు ఒక్కటీ లేదు, అయినా చదివితే బ్యాంకు పరీక్ష రాస్తున్నట్టుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పాను: వందల జాతీయాలు గుర్తుపట్టు, పది వాడు. ఆ పదీ అవతలివారు నీతో రోజూ వాడేవే అయి ఉండాలి. ఒకరు 'జస్ట్ ఎ హెడ్స్ అప్' అని ముందస్తు కబురు చెప్పే జట్టులో ఆ మాట నువ్వూ వాడితే ఇమిడిపోతావు. పుస్తకం నుంచి తెచ్చినది పెట్టుడు నగలా కనిపిస్తుంది.

మన దేశపు ఇంగ్లీషు గురించి ఆమె వేరే భయంతో ఉంది. ఎవరో 'ప్రీపోన్' (అనుకున్న సమయం కంటే ముందుకు జరపడం) తప్పని, 'డు ద నీడ్‌ఫుల్' (కావలసింది చేయండి) చూసి నవ్వుతారని చెప్పారట. తప్పులు కావవి. 'ప్రీపోన్' ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోనూ చేరింది. మనవాళ్లకు రాసేటప్పుడు నిశ్చింతగా వాడవచ్చు. లండన్‌కు రాసేటప్పుడు మాత్రం మరో రెండు మాటల మీద నిఘా పెట్టమన్నాను. 'పాస్డ్ అవుట్ ఇన్ 2021' అంటే మనకు ఆ ఏడాది చదువు పూర్తయిందని, వాళ్లకు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయిందని. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మనకు సందేహం, వాళ్లకు మీ మాట మీద అపనమ్మకం. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే అది విని ఎవరూ నవ్వరు, మనసులో పెట్టుకుంటారు.

లండన్, న్యూయార్కుల మధ్య కూడా ఇలాంటి గొడవే ఉందని తెలిశాక ఆమె కొంచెం తేలికపడింది. ఒక అంశాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద ఇరు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకుని, చివరికి ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని గ్రహించారని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. "వాళ్లకే అర్థం కాలేదా మేడమ్?" అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడున్న స్థితి

మినిట్స్ ఇప్పుడు సమావేశం ముగిసేలోపే సరిచూసుకుని వెళ్తున్నాయి. నిర్ణయాలను తిరిగి చదివి వినిపించే ఆమె పద్ధతిని జట్టు మొత్తం అలవాటు చేసుకుంది. ఆ ఆలోచన ఎవరిదో టీమ్ లీడరుకు గుర్తుందో లేదో. ఒంటి 'యెస్' అప్పుడప్పుడూ ఇంకా జారుతుంది, అలసిపోయిన రోజుల్లో మరీ. స్కాట్లండ్ నుంచి మాట్లాడే ఒక ఇంజినీరు యాస ఇప్పటికీ సగమే అందుతోంది, దానికి వినడం తప్ప వేరే మందు లేదు.

నా తరగతిలో దీనివల్ల మారినది ఒకటి. కొత్తగా వచ్చేవారికి మొదటి వారం జాతీయాల పట్టిక ఇవ్వడం లేదు. వారి సొంత ఆఫీసు మెయిళ్ల నుంచి, తెలిసిన మాటలే ఉండి మొత్తంగా అనుమానంగా తోచిన వాక్యాలు తెమ్మంటున్నాను. చాలామంది మొదటిసారి ఖాళీ చేతులతో వస్తారు. తెచ్చిన మెయిళ్లు నా ముందే చదివి తెలుగులో చెప్పమంటే అప్పుడు బయటపడతాయి.

ఈమెతో పని ఇంకా సాగుతోంది, ఇప్పుడు మర్యాద మాటున దాగే మాటల దగ్గరున్నాం. మొన్న ఆమె తెచ్చిన ప్రశ్న: "నా ప్రతిపాదన చూసి 'వెరీ ఇంట్రస్టింగ్' అన్నారు మేడమ్. బాగుందనా, బాగాలేదనా?" బ్రిటిష్‌వాళ్లు ఆ మాటను రెండిటికీ వాడతారు, మాటలో తేడా దొరకదు. ఆ మాట తర్వాత ఆయన ఖర్చు గురించో గడువు గురించో ఏదైనా అడిగాడా అని నోటుబుక్కు తీసి చూడమన్నాను. అడగలేదు, తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు. అయితే ప్రతిపాదనను ఇంకోసారి, ఖర్చు వివరాలతో పంపమన్నాను.